మహారాజశ్రీ లంగా బొందు గారికి

నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ మన ఉభయుల్లో కుశలంగా ఉన్నది తమరొక్కరే కాబట్టి ఆ ముక్క వదిలేస్తున్నాను.

నాకు గర్భసంచి తీసేసిన సంగతి తమరు ఎరగనిది కాదు. లాప్రోస్కోపీలోనే అయిపోయింది. బొడ్డులో ఒక గాటు, కింద పొట్టకు అటూ ఇటూ ఇంకొన్ని. "పెద్ద కోత లేదుగా, ఇట్టే లేచి తిరుగుతావు" అన్నారు చూడొచ్చినవాళ్ళంతా, బత్తాయిల సంచి బల్ల మీద పెడుతూ. తిరుగుతున్నాను. ఏం కట్టుకుని తిరగాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

డిశ్చార్జి కాగితంలో మందులన్నీ అయ్యాక అడుగున రెండు లైన్లున్నాయి. ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు. వదులుగా ఉండే కాటన్ బట్టలు వేసుకోవాలి. ఆ రెండో లైను రాసిన పుణ్యాత్ముడు జన్మలో తమరిని నడుముకు కట్టుకుని ఉండడు. చీరంతా తమరి ఒక్కరి మీదే ఆధారపడి ఉంటుంది. వదులుగా కడితే కుచ్చిళ్ళు కాళ్ళ కిందకొస్తాయి. నిలవాలంటే బిగించాలి. చుట్టూ అంత నడుము ఉండగా తమరు వచ్చి ఆసీనులయ్యేది సరిగ్గా బొడ్డు దగ్గర, కుట్టు మీద. పోనీ ఇంకాస్త కిందికి కడదామంటే అక్కడ పక్క గాట్లు కాచుకుని ఉంటాయి.

పైగా ఈ పొట్ట పొద్దున ఒకలా, సాయంత్రానికి ఇంకోలా ఉంటోంది. ఆపరేషన్‌లో పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపి, ఉబ్బించి పని చేస్తారట. ఆ గ్యాస్ కొద్ది రోజుల్లో పోతుంది గానీ, వాపు తీరుబడిగా తగ్గుతుంది. కాసేపు ఎక్కువ కూర్చున్నా, నిలబడ్డా మళ్ళీ వస్తుంది. పదింటికి సరిపోయిన ముడి నాలుగింటికి ప్రాణం తోడేస్తుంది. అప్పుడు విప్పుదామంటే తమరి అసలు గుణం బయటపడుతుంది. జారుముడి వేస్తే అడక్కుండానే జారతారు. గట్టి ముడి వేస్తే బతిమాలినా రారు. మామూలు రోజుల్లో అయితే తల వంచి, గోళ్ళతో పీకి, కుదరకపోతే నోటితో లాగి ఎలాగో తిప్పలు పడేదాన్ని. ఇప్పుడు తల వంచాలంటే పొట్ట మడవాలి. బాత్రూమ్‌లో గోడ పట్టుకుని, ఒక చేత్తో, చూడకుండా, వేళ్ళతో వెతుక్కుంటూ ముడి విప్పడం ఎలా ఉంటుందో ఆ దేవుడికి తెలియాలి. ఆపరేషన్ అయిన మనిషికి బాత్రూమ్ వాయిదా వేసుకునే విషయం కాదని తమరికి చెప్పాలా?

వదులైన బట్టలంటే మన ఇళ్ళలో నైటీ. నైటీ మీద నాకేం కోపం లేదు. దాని బరువు భుజాల మీద ఉంటుంది, పొట్ట జోలికి రాదు, కొన్నిటికి జేబు కూడా ఉంటుంది. కానీ కాలింగ్ బెల్ మోగగానే పైన చున్నీ కప్పుకోవాలి. మా పక్క ఫ్లాట్ అంకుల్‌కు హెర్నియా ఆపరేషన్ అయితే లుంగీ కట్టుకుని బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్ళంతా "రెస్ట్ తీసుకోండి సార్" అని నమస్కారాలు పెట్టి వెళ్ళారు. ఆయన్ని చున్నీ కప్పుకోమన్నవాళ్ళెవరూ లేరు.

ఇదంతా ఓర్చుకున్నాను. ఈ ఉత్తరం రాయించింది నిన్నటి మధ్యాహ్నం.

ఆదివారం మా ఆడపడుచు కూతురి నిశ్చితార్థం. "అందరూ పట్టుచీరల్లో ఉంటే నువ్వు నైటీలో వస్తావా ఏంటి?" అన్నారు మా అత్తయ్య. జరీ ఎక్కువున్న పట్టుచీర కిలో దాకా తూగుతుంది. చంకలో కిలో బియ్యం పెట్టుకుని వెళ్తానంటే "బరువులు ఎత్తొద్దన్నారు కదా" అని కేకలేస్తారు గానీ, అదే కిలో కుట్ల మీద వేలాడదీసుకుంటే పద్ధతి. సరే, మధ్యేమార్గంగా ఏదైనా దొరక్కపోతుందా అని అమీర్‌పేటలో ఒక పెద్ద షాపుకు వెళ్ళాను. దారిలో స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా పొట్ట చేత్తో పట్టుకుని, "మెల్లగా బాబూ" అని ఆటో అతన్ని బతిమాలుకుంటూ.

"నడుము దగ్గర ఏమీ పట్టేయకుండా, ఫంక్షన్‌కు వేసుకునేలా ఏమైనా ఉంటే చూపించమ్మా" అన్నాను.

సేల్స్ అమ్మాయి నా మొహం చూసింది, పొట్ట చూసింది, పొట్ట మీదున్న నా చెయ్యి చూసింది. ముసిముసిగా నవ్వి, "ఎన్నో నెల మేడమ్?" అంది.

నా పాపిట్లో తెల్లవెంట్రుకలు ఆ పిల్లకు కనిపించలేదేమో. నేను నోరు తెరిచేలోపే "మెటర్నిటీ థర్డ్ ఫ్లోర్ మేడమ్, నేను తీస్కపోత" అని చెయ్యి పట్టుకుంది. ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవడమే బాగుండి నేనూ నడిచాను. అక్కడ మొట్టమొదట తీసి చూపించిన టాప్ మీద, పొట్ట వచ్చే చోట, "బేబీ లోడింగ్" అని అక్షరాలున్నాయి.

"నాది లోడింగ్ కాదమ్మా, అన్‌ఇన్‌స్టాల్" అన్నాను.

ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, "అయ్యో, మా అమ్మకు గూడ తీసేసిన్రు మేడమ్. ఆమె నైటీలే ఏస్కుంటది" అంది.

పోనీ వచ్చాం కదా అని ఆ ప్యాంట్లూ చూశాను. కడుపు పెరగడానికి వీలుగా ఎలాస్టిక్‌ను పొట్ట కిందికి దించి కుట్టారు. అంటే బొడ్డు గాటును వదిలేసి మిగతా గాట్లన్నిటినీ ఒకేసారి నొక్కుతుంది. ట్రయల్ రూమ్‌లో నిలువెత్తు అద్దం ఉంది, నాలుగు హుక్కులున్నాయి, కూర్చోడానికి ఒక స్టూలు లేదు. ప్యాంటులో కాలు దూర్చడానికి ఒంటికాలి మీద నిలబడే వయసూ కాదు, ఒళ్ళూ కాదు. బయటికొచ్చాక పలాజో, చుడీదార్, లెగ్గింగ్స్ అన్నీ తిరగేశాను. ఎలాస్టిక్ లేనివాటికి తమరున్నారు, తమరు లేనివాటికి ఎలాస్టిక్ ఉంది. చేపతోకలా కుట్టిన షేప్‌వేర్ లంగా ఒకటి చూపించి "ఇది వేస్కుంటే పొట్ట అస్సలు కనిపించదు మేడమ్" అన్నారు. పొట్ట కనిపించడం నా బాధ అని వీళ్ళకు ఎవరు చెప్పారు?

నాలాంటివాళ్ళు తక్కువైతే సరే, ఎవరి కర్మ వాళ్ళది అనుకుందును. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది. అన్నీ అవసరమై తీసినవేనా అన్నది వేరే గొడవ, దానికి ఇంకో ఉత్తరం రాయాలి. సిజేరియన్ల సంగతి చూస్తే 2019-21 సర్వేలో తెలంగాణ ప్రసవాల్లో 60.7 శాతం కోత కాన్పులే, దేశంలో అందరికంటే మనమే ముందు. ఇన్ని కోతలు పడిన ఊళ్ళో, వీధికో బట్టల షాపున్న ఊళ్ళో, కుట్లున్న పొట్టకు ఒక్క ర్యాక్ లేదు. అక్కడ పొట్టలు రెండే రకాలు. బల్లపరుపుది, బిడ్డ ఉన్నది. మూడోదానికి నైటీ.

ఇక్కడిదాకా తమరు అంటూ వచ్చాను. ఇక నావల్ల కాదు.

నువ్వు మా అమ్మ నడుము మీద గీసిన గీత నేను చూశాను. వేలెడు వెడల్పున నల్లగా, చర్మం మందమైపోయి, వేసవిలో చెమటకు పుండై, దాని మీద కొబ్బరినూనె రాసుకుని మళ్ళీ నిన్నే కట్టుకునేది. మా అమ్మమ్మకూ ఉండేది. నాకూ ఉంది. మాకు ఇన్నేళ్ళూ అది జబ్బులా అనిపించలేదు, పుట్టుమచ్చలా ఒంట్లో భాగమనుకున్నాం. ఖానోల్కర్, సూర్యాబాయి అనే ఇద్దరు బొంబాయి డాక్టర్లు 1945లోనే పంచె ముడి రాపిడి వల్ల నడుము దగ్గర చర్మ క్యాన్సర్ వస్తోందని రాశారు. చీర ముడి సంగతి ఆ తర్వాత బయటపడింది. 2024లో కూడా మహారాష్ట్ర, బిహార్ డాక్టర్లు లంగా ముడి దగ్గర అదే క్యాన్సర్ వచ్చిన ఇద్దరు పెద్దావిడల కేసులు వైద్య పత్రికకెక్కించారు. అరుదే, కాదనను. కానీ నిక్షేపంలాంటి చర్మాన్నే అంత పని చేసినదానివి, పచ్చి కుట్ల మీద కూర్చోడానికి నీకు చేతులెలా వచ్చాయి? ఒక గుడ్డపేలికవి. ఉతికినప్పుడల్లా ఒక కొస లోపలికి దూరిపోతావు, పిన్నీసు గుచ్చి బయటికి తియ్యాలి. నీకింత పెత్తనమా?

అందుకని ఇవ్వాళ మా వీధి చివర టైలర్ దగ్గరికి వెళ్ళాను. ఛాతీ కింద నుంచి వదులుగా దిగే లంగా, భుజాల మీద రెండు పట్టీలు, నడుము దగ్గర కుచ్చిళ్ళు పిన్ను పెట్టుకోడానికి మెత్తటి గుడ్డతో ఒక వదులు పట్టీ. పైన పట్టు కాదు, తేలికైన మంగళగిరి కాటన్, చిలకపచ్చ రంగు, సన్న జరీ అంచు. బరువంతా భుజాలకు. కాగితం మీద బొమ్మ కూడా గీసిచ్చాను. ఆయన అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఇట్ల ఎవ్వరు కుట్టించుకోరు మేడమ్" అన్నాడు. నేను కుట్టించుకుంటానన్నాను.

ఇందాక ఫోన్ చేశాడు. కుట్టడం అయిపోయిందట. "మీరు చెప్పుడు మర్చిపోయిన్రు మేడమ్, నేనే బొందు గూడ ఎక్కించిన. ఎక్స్‌ట్రా పైసలేం తీస్కోను."

కత్తెర తీసుకుని బయల్దేరుతున్నాను.

ఇట్లు,
కుట్లు ఇంకా పూర్తిగా మానని ఒక నడుము