బంగారు పూత ఫ్రేము గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ బంగారు పూత ఫ్రేము గారి సన్నిధానానికి,

ఉభయకుశలోపరి. మీ కుశలం వేరే అడగక్కర్లేదు. ఏ గోడ మీద చూసినా ముందు కనబడేది మీరే. మీ నడుమ ఎక్కడో ఒక చిన్న బొమ్మ ఉంటుంది. అందులో ఒకామె పాలు వంచుతుంటుంది, ఇంకొకామె తల వంచుకుని లేసు అల్లుతుంటుంది, ఎవరో పొలంలో దుంపలు తవ్వి నడుం ఎత్తుతుంటారు. వాళ్లను చూద్దామని వచ్చినవాళ్లు మిమ్మల్ని దాటుకుని వెళ్లాలి. పెళ్లికొడుకు కంటే తోడుపెళ్లికొడుకు మెరిసిపోతే ఎలా ఉంటుందో, మీ వ్యవహారం అలా ఉంది.

ముందు మీ మెరుపు సంగతి తేల్చుకుందాం. పుట్టుకతో మీరు మామూలు చెక్క. దాని మీద సుద్దపొడి, తోలు జిగురు కలిపి గోరువెచ్చగా ఎనిమిది నుంచి పది పూతలు వేస్తారు. జిగురు పాలు ఎక్కువైతే సుద్ద బిరుసెక్కి పగులుతుంది, తక్కువైతే పొడిపొడిగా వేలికి అంటుతుంది. ఆరిన సుద్దను నున్నగా రుద్ది, పైన ఎర్రమట్టి పూసి, నీళ్లతో తడిపి, బంగారు రేకు అద్ది, తడి పూర్తిగా పోకముందే అగేటు రాయితో మెరుగు పెడతారు. ఈనాటి రేకు మందం మిల్లీమీటరులో సుమారు పదివేలో వంతు. ఎవరైనా శుభ్రం చేద్దామని తడిగుడ్డ పెట్టారంటే ఆ బంగారం గుడ్డకు వస్తుంది, కింద ఎర్రమట్టి నవ్వుతుంది. పోయినచోట బజారు బంగారు రంగు కొడితే మరీ అన్యాయం. అది రాగి, జింకు కలిసిన పొడి. కొన్నేళ్లకు నల్లబడి కిలుమెక్కుతుంది. పైన పటారం, లోన లొటారం అంటే కోపం తెచ్చుకోకండి, మీ అడ్డకోత చూసి అంటున్న మాట.

రెండో సంగతి, మీరు వసూలు చేసే పన్ను. బొమ్మ కూర్చోవడానికి మీ లోపలి అంచున ఒక గాడి ఉంటుంది, రెబేటు అంటారు. దాని పెదవి బొమ్మ అంచును కొంత కప్పేస్తుంది. నాలుగు వైపులా ఆరు మిల్లీమీటర్లు అనుకుందాం. మూడు మీటర్ల ఎత్తు, ఆరు మీటర్ల వెడల్పు ఉన్న రాజుగారి యుద్ధచిత్రంలో మీరు మింగేది నూటికి అర వంతు కంటే కాస్త ఎక్కువ. 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారుడు వెర్మీర్ గీసిన పాలు వంచే పనిమనిషి బొమ్మ 45.5 సెంటీమీటర్ల ఎత్తు, 41 వెడల్పు. అందులో నూటికి అయిదున్నర వంతులు మీ పెదవి కిందికి పోతుంది. ఆయనదే లేసు అల్లే అమ్మాయి బొమ్మ 24 సెంటీమీటర్ల ఎత్తు, 21 వెడల్పు. దాన్లో పదో వంతు మీకు సమర్పయామి. సామాన్యుల బొమ్మలు చిన్నవి కాబట్టి వాళ్లకే పన్ను ఎక్కువ. ఈ పద్ధతి మీరు ఎక్కడ నేర్చుకున్నారో అడగం.

అసలు ఆ ఇళ్లలోకి మీరు పిలవని పేరంటానికి వచ్చారు. 17వ శతాబ్దం హాలండులో ఇలాంటి బొమ్మలకు ఎక్కువగా నల్ల ఫ్రేములే కట్టేవారు. ఉన్నవాళ్లు నల్లచేవ చెక్కను పలుచని పొరలుగా కోయించి మామూలు చెక్క మీద అతికించుకునేవారు. లేనివాళ్లు పియర్ చెక్కకు నల్లరంగు పట్టించి అదే నల్లచేవ అని సరిపెట్టుకునేవారు. ఆ నలుపు పక్కన తెల్ల గోడ తెల్లగా, బూడిద రంగు నీడ బూడిదగా కనబడేవి. న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి, మీరు అప్పట్లో అసలు లేకపోలేదు. లండన్ నేషనల్ గ్యాలరీలో వెర్మీర్ బొమ్మ ఒకటి ఉంది, వర్జినల్ వాద్యం ముందు నిలబడిన స్త్రీది. ఆమె వెనక గోడకు రెండు పటాలు. పెద్ద మన్మథుడికి నల్ల ఫ్రేము, చిన్న ప్రకృతి దృశ్యానికి మీ బంగారం. ఒకే గోడ మీద ఇద్దరూ ఒద్దికగా ఉన్నారు.

ఆ ఒద్దిక 18వ శతాబ్దంలో చెడింది. పారిస్ ధనవంతులు డచ్చి బొమ్మలు కొనడం మొదలుపెట్టారు. వాళ్ల గదుల్లో గోడ చెక్కడాలకు బంగారం, కుర్చీ కాళ్లకు బంగారం, కొవ్వొత్తుల వెలుగు. ఆ గదిలో నల్ల ఫ్రేము మైలబట్టలా కనిపించి ఉంటుంది. విప్పేసి మిమ్మల్ని తొడిగారు. అంతటితో ఊరుకున్నారా? గోడకు రెండు వైపులా జంటగా ఉండాలని ఒక బొమ్మను కోసి, ఇంకోదానికి అతుకు వేసి కొలత కుదిర్చిన సందర్భాలున్నాయి. తలకు తగ్గ టోపీ దొరక్కపోతే తల చెక్కినట్టు!

ఇక గౌరవం మాట చూద్దాం. ఫ్రాన్సులో 1648లో రాజుగారి చిత్రకళా అకాడమీ వెలిసింది. 1667 నాటి అక్కడి ప్రసంగాలకు ముందుమాట రాస్తూ ఫెలిబియన్ అనే ఆయన బొమ్మలకు అంతస్తులు కట్టాడు. పురాణం, చరిత్ర గీసేవాడు పైమెట్టు, పళ్లూ కాయలూ గీసేవాడు కిందిమెట్టు. వంటింటి మనుషుల్ని గీసేవాళ్లు ఆ కిందిమెట్లకు చేరువలో ఎక్కడో సర్దుకోవాలి. గ్రూజ్ 1761లో ఒక పల్లెటూరి పెళ్లి ఒప్పందం బొమ్మ ప్రదర్శించాడు. అల్లుడి చేతికి కట్నం సంచి, నేల మీద కోడి, దాని పిల్లలు. జనం విరగబడి చూశారు. ఆయనకు పైమెట్టు ఎక్కాలనిపించి 1769లో రోమను చక్రవర్తి బొమ్మ పట్టుకుని అకాడమీకి వెళ్లాడు. సభ్యత్వం ఇచ్చారు, కానీ చరిత్ర చిత్రకారుడిగా కాదు, సామాన్యుల బొమ్మలు గీసేవాడిగా. అలిగిన మనిషి 1800 దాకా వాళ్ల చిత్రప్రదర్శన అయిన సలోన్‌లో మళ్లీ బొమ్మ పెట్టలేదు. నిజం చెప్పాలంటే ఆ చక్రవర్తి కంటే ఆ కోడే బాగుంటుంది.

మెట్ల లెక్కలో కొలత కూడా కులమే. పెద్ద గుడ్డ దేవుళ్లకు, రాజులకు. చిన్న గుడ్డ మిగతావాళ్లకు. ఫ్రెంచి చిత్రకారుడు కూర్బే తన ఊళ్లో జరిగిన ఒక మామూలు శవసంస్కారాన్ని మూడు మీటర్ల పైచిలుకు ఎత్తు, ఆరు మీటర్ల పైచిలుకు వెడల్పు గుడ్డ మీద గీసి 1850-51 సలోన్‌లో పెట్టేసరికి గగ్గోలు పుట్టింది ఇందుకే. తప్పు బొమ్మలో లేదు, గజాల్లో ఉంది. ఆయనే గీసిన రాళ్లు కొట్టేవాళ్ల బొమ్మ మాత్రం ఇప్పుడు లేదు, 1945లో డ్రెస్డెన్ బాంబుదాడుల సమయంలో పోయింది.

ఇక ధరల పట్టిక. మీరు ఎప్పుడూ దాచుకునే కాగితం అది. 1696లో ఆమ్‌స్టర్‌డామ్ వేలంలో 21 వెర్మీర్ బొమ్మలు అమ్ముడయ్యాయి. పాలమ్మాయి 175 గిల్డర్లు (అప్పటి డచ్చి నాణెం), లేసు అమ్మాయి 28. అదే పాలమ్మాయి 1719లో 126కు దిగింది, 1765లో 560, 1798లో 1,550, 1813లో 2,125. కాబట్టి ఆమెను రెండు వందల ఏళ్లు లోకం పూర్తిగా మరిచిపోయిందనే ముచ్చట నమ్మకండి. మరిచిపోయింది గీసినవాణ్ణి. ఆ రోజుల్లో అసలు మొనగాడు లైడెన్ చిత్రకారుడు హెరిట్ డౌ. భూతద్దం పెట్టినా కుంచె గీత దొరకని నున్నటి పని. రష్యా రాణి కాథరిన్ కోసం ఆయన బొమ్మ ఒకదాన్ని 1771లో ఆమ్‌స్టర్‌డామ్ వేలంలో కొని ఓడెక్కిస్తే, ఫిన్లాండు తీరాన ఓడ మునిగింది. 1999లో ఓడ దొరికింది. అంతకు చాలాముందే అభిరుచి మారింది. నున్నదనం చూసి మురిసినవాళ్ల మనవలకు అదే నున్నదనం ప్రాణం లేని పనిగా తోచింది. కుంచెలో ఒక్క వెంట్రుక కూడా మారలేదు, మారింది చూసే కన్ను.

పేర్ల విషయంలో మీ పాత్ర ఇంకా ఘనం. మీ కింది అంచున ఒక చిన్న పలక కొడతారు, దాని మీద ఎవరి పేరుంటే బొమ్మ వాళ్లదని జనం నమ్ముతారు. వెర్మీర్ తన పనిగదిని గీసుకున్న బొమ్మ 1860 దాకా పీటర్ డి హోక్ అనే మరో చిత్రకారుడి పేరుతో చెలామణీ అయింది, ఆయన దొంగ సంతకం కూడా పెట్టారు. డ్రెస్డెన్‌లో కిటికీ దగ్గర ఉత్తరం చదివే అమ్మాయిని 1742లో కొన్నది రెంబ్రాంట్ అనుకుని. ఆమె వెనక గోడ మీది మన్మథుణ్ణి ఎవరో రంగుతో కప్పేశారు. ఆ పూత తీసి 2021లో చూపించేదాకా ఆ గోడ ఖాళీ అనుకుని అందరం మెచ్చుకున్నాం. డచ్చి చిత్రకారిణి జుడిత్ లేస్టర్ గతి మరీ ఘోరం. తాగి పాడుకునే ఇద్దరి బొమ్మ గీసి ఆమె తన అక్షరాలకు పక్కన ఒక నక్షత్రం పెట్టుకుంది, ఇంటిపేరుకు ధ్రువతార అని అర్థం కాబట్టి. దాని మీద ఫ్రాన్స్ హాల్స్ అనే డచ్చి చిత్రకారుడి సంతకం కొట్టి అమ్మారు. 1893లో గుట్టు బయటపడ్డాక కొన్నవాళ్లు సంబరపడాలి కదా, ధర తగ్గించమని గొడవపడ్డారు. బొమ్మ అదే, తాగుబోతులు వాళ్లే, నవ్వూ అదే! తొరే అనే ఫ్రెంచి విమర్శకుడు 1866లో వెర్మీర్‌ను మళ్లీ నిలబెట్టినప్పుడు ఉత్సాహం పట్టలేక 70కి పైగా బొమ్మలు ఆయన ఖాతాలో వేశాడు. ఇప్పుడు 37 దాటితే ఎవరూ ఒప్పుకోరు.

19వ శతాబ్దం మీ స్వర్ణయుగం. పారిస్ సలోన్‌లో గానీ, లండన్ రాయల్ అకాడమీలో గానీ బంగారం లేని బొమ్మకు మర్యాద లేదు. చెక్కడం ఖర్చు తగ్గించడానికి సుద్ద, జిగురు, గుగ్గిలం, అవిసె నూనె కలిపి వేడిగా అచ్చుల్లో ఒత్తిన పూలు మీ ఒంటి నిండా అతికించారు. ఆ ముద్ద ఆరుతూ కుదించుకుపోతుంది, కింద చెక్క కుదించుకునే లెక్క వేరు. అందుకే మీ పూలన్నీ అడ్డంగా పగిలి, మూలల్లో రాలిపోతుంటాయి. అప్పుడు సామాన్యుల బొమ్మలకు దక్కిన ఆదరణ మాత్రం అసామాన్యం. 1822లో విల్కీ గీసిన ముసలి సైనికుల బొమ్మకు, 1858లో ఫ్రిత్ గీసిన గుర్రప్పందేల జనం బొమ్మకు జనం మీదపడకుండా అడ్డుకంచె కట్టారు. ఫ్రిత్ బొమ్మకైతే పోలీసును కూడా పెట్టారు. బొమ్మలో జేబుదొంగలు కూడా ఉన్నారు కాబట్టి పోలీసుకు అక్కడ పని ఉందనే అనుకోవాలి.

మిలే గీసిన సంధ్యాప్రార్థన బొమ్మ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పొద్దువాలిన పొలం, తల వంచిన ఇద్దరు, నేలలో దిగేసిన ముళ్లపార, బుట్టలో నాలుగు దుంపలు. చేయించుకున్న ఆసామి తీసుకోకపోతే 1860లో వెయ్యి ఫ్రాంకులకు పోయింది. మిలే 1875లో చనిపోయాడు. 1889 వేలంలో అదే బొమ్మ 5,53,000 ఫ్రాంకులు. మరుసటి ఏడు పారిస్‌లో పెద్ద దుకాణాల యజమాని ఒకాయన ఇంకా ఎక్కువ పోసి కొన్నాడు. చుట్టూ బంగారం, మధ్యలో బంగాళాదుంపలు. సొమ్మొకడిది, సోకొకడిది. మళ్లీ అమ్మినప్పుడల్లా చిత్రకారుడికో వారసులకో కొంత వాటా ఇవ్వాలని ఫ్రాన్సు 1920లో చట్టం చేసింది. ఆ వేలాల్లో మీ వాటా ఎవరూ అడగలేదు, బొమ్మతో పాటు మిమ్మల్నీ కలిపే కొన్నారు.

తర్వాత గాలి తిరిగింది. పిస్సారో వంటివాళ్లు తెల్ల ఫ్రేములు కట్టుకున్నారు, కథ చెప్పే బొమ్మ అంటేనే విమర్శకులు ముఖం చిట్లించారు. అలా అని శాశ్వతంగానా? రాక్‌వెల్ 1951లో పత్రిక ముఖచిత్రానికి గీసిన భోజనశాల ప్రార్థన బొమ్మ 2013లో 4 కోట్ల 60 లక్షల డాలర్లు పలికింది. షార్డాన్ 1740లో అదే పేరుతో గీసిన అన్నం ముందు దండం బొమ్మ పారిస్ మ్యూజియం లూవ్ర్‌లో ఉంది. ఆ ఇంట్లో పిల్లలకు ఈ సంగతి తెలియదు, సూపు చల్లారుతోంది.

ఇక పని మాట. మీలో బొమ్మను బిగించేటప్పుడు మేకులు కొట్టించుకోవడం మానండి. చెక్క మీద గీసిన బొమ్మ తేమకు పోగుకు అడ్డంగా ఉబ్బుతుంది, ఎండకు కుదించుకుంటుంది. నాలుగు వైపులా కదలకుండా పట్టేస్తే పోగు వెంట నిలువునా చీలుతుంది. ప్రతి వైపునా రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ, గాడిలో మెత్తని ఫెల్టు, వెనక వంగే ఇత్తడి పట్టీలు, వాటికి బెజ్జాలు ఫ్రేములోకే తప్ప బొమ్మ చెక్కలోకి కాదు. గుడ్డ బొమ్మ అయితే మూలల్లో బిగించే చెక్క చీలికలు ఊడి గుడ్డకీ చెక్క చట్రానికీ మధ్య పడి, ముందు వైపు బొడిపెలు లేపుతాయి. వెనక అట్ట వేయించుకుంటే ఆ బాధ తగ్గుతుంది, దుమ్మూ చేరదు. పెదవి ఆరు మిల్లీమీటర్ల నుంచి మూడుకు తగ్గించుకుంటే లేసు అమ్మాయికి పోయినదాంట్లో సగం వెనక్కి వస్తుంది.

ఈ మధ్య నల్ల ఫ్రేములకు మళ్లీ గిరాకీ వచ్చిందని మీరు కుళ్లుకోనక్కర్లేదు. కొత్త చెక్కకు నలుపు పట్టించి, పురుగు తిన్నట్టు సూదితో కన్నాలు పొడిచి, పాతదనం పూస్తున్నారు. వాళ్లూ మీ బంధువులే.

ఒక్క మనవి. పాలమ్మాయి వెనక గోడకు ఒక మేకు ఉంది, దానికి సన్నని నీడ ఉంది, చుట్టుపక్కల మేకులు పీకేసిన గుంటలున్నాయి. వెర్మీర్ మొదట ఆమె తల వెనక కూజాలు తగిలించే చెక్క గీసి, తర్వాత తానే కప్పేశాడని 2022లో పరీక్షల్లో తేలింది. అంత ఆలోచించి ఖాళీ చేసిన గోడ అది. ఆ ఖాళీ మేకు మీద మాత్రం కన్ను వేయకండి.

ఇట్లు,
మీ వెనక వైపు చూసినవాళ్లు