లేజర్ అయినా కోత కోతే

ఇదే మెసేజ్ మళ్ళీ వచ్చింది. పంపేవాళ్లంతా నా మంచి కోరేవాళ్లే కాబట్టి తిట్టడానికి కూడా లేదు. ‘లేజర్‌తో చిగుళ్ల షేపింగ్! కోత లేదు, ఇంజెక్షన్ లేదు, క్రిములు చచ్చిపోతాయి, ఎవరైనా చేయించుకోవచ్చు, ఫలితం జీవితాంతం. నచ్చకపోతే చిగురు మళ్ళీ పెరుగుతుంది, రిస్క్ లేదు!’

షేపింగ్ అంటే నవ్వితే మరీ ఎక్కువగా కనిపించే చిగురుని తగ్గించడమే. కోత లేకపోతే ఆ ఎక్కువైన చిగురు ఎటు పోయినట్టు? లేజరూ కోస్తుంది, వేడితో కోస్తుంది. రవ్వంత తీయడానికైతే పైపూత జెల్ సరిపోవచ్చు. అంతకు మించితే మామూలుగా మత్తు సూది పడుతుంది.

క్రిముల సంగతి తేలిక. గార తీయకుండా లేజర్ చూపిస్తే చిగుళ్ల జబ్బు పోదు. ముందు క్లీనింగ్, వాపు తగ్గాకే షేపు.

‘ఎవరైనా’ అట. నవ్వినప్పుడు పెదవి మరీ పైకి లేచేవాళ్లకి, పై దవడ ఎముకే పొడవుగా ఉన్నవాళ్లకి చిగురు కోసి ఏం లాభం? ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్, బీపీకి వాడే ఆమ్లోడిపిన్ లాంటి మందులతో చిగుళ్లు ఉబ్బినవాళ్లు ముందు ఆ మందు రాసిన డాక్టర్‌ని కలవాలి. సొంతంగా మానేయకూడదు.

ఇక అసలు సంగతి. ‘జీవితాంతం’, ‘మళ్ళీ పెరుగుతుంది’, రెండూ ఒకే మెసేజ్‌లో! రాసినాయన పంపేముందు ఒక్కసారి చదువుకోవాల్సింది.

చిగురు అంచుకీ లోపలి ఎముకకీ మధ్య సుమారు 3 మి.మీ. ఉండాలి. అందులో దాదాపు 2 మి.మీ. పంటిని అంటిపెట్టుకుని ఉండే భాగం. ఆ జాగాని శరీరం వదులుకోదు. ఎముక చిగురు అంచుకి మరీ దగ్గరగా ఉన్నవాళ్లకి పైపైన చిగురు మాత్రమే కోస్తే, కొన్ని నెలల్లో అది మళ్ళీ దిగివస్తుంది. వాళ్లకి ఎముకని కూడా కాస్త తగ్గించాలి, అది వేరే సర్జరీ. అదేం చూడకుండా కోసిన అంచుకి ఆనించి క్యాపో, పంటి ముందు అతికించే పలుచటి వెనీరో పెట్టారా, చిగురు ఎర్రగా ఉబ్బి బ్రష్ తగిలినప్పుడల్లా రక్తం.

దీనికి రివర్స్ కేసూ ఉంది. ఎముక బాగా లోపలికి ఉన్నవాళ్లకి అతిగా కోస్తే వేరు బయటపడి, చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటుంది. పళ్ల మధ్య మొనదేలిన చిగురు పోతే అక్కడ మూడు మూలల నల్లటి సందు మిగులుతుంది, దాన్ని పూడ్చడం చాలా కష్టం. అంటే వద్దన్నచోట పెరుగుతుంది, కావాలన్నచోట పెరగదు. గ్యారంటీ మాత్రం రెండింటికీ ఇచ్చేశారు, ఎంత ఉదారమో!

అందుకే ముందు కొలుస్తారు. మత్తిచ్చాక, మిల్లీమీటరు గీతలున్న సన్నని ప్రోబ్‌ని ఎముక తగిలేదాకా దించుతారు. డాక్టర్ ఒక్కో పంటికీ అంకె చెబుతుంటే అసిస్టెంట్ రాసుకుంటారు. ఎంత కోయాలో ఆ అంకెలే చెబుతాయి.

లేజర్ మీద నాకేం పగ లేదు. రక్తం తక్కువ, చాలాసార్లు కుట్లు కూడా అక్కర్లేదు. నవ్వు వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మనిషిని ‘ఈ సోకులెందుకు’ అనడం కూడా నాకు నచ్చదు. తగినవాళ్లకి కొలిచి చేస్తే నిజంగానే బాగుంటుంది, మెసేజ్‌లోని ఫొటోల్లో ఉన్నంత బాగా.

వెళ్లదలిస్తే ‘నాకు ఎముక ఎంత దూరంలో ఉందండీ?’ అని అడగండి. ‘లేజర్ కదండీ, ఏం కాదు’ అన్నారనుకోండి, ఫీజు పోతే పోయిందని కుర్చీలోంచి లేచి వచ్చేయండి.