సవరణ: వాడిన గేమ్ డిస్క్‌కి ‘సగం ధర’ అనే రూలేమీ లేదు

వాడిన పీఎస్5 (సోనీ గేమ్ మెషీన్ ప్లేస్టేషన్ 5) గేమ్ డిస్క్‌కి ఎమ్మార్పీలో సగానికి మించి అడిగితే మోసమేనని పోయిన వారం పోస్టులో రాశాను. అది తప్పు. విజయనగరంలో పాత డిస్కులు కొని అమ్మేవాళ్లని అడిగి, డిజిటల్ స్టోర్ (డిస్క్ లేకుండా గేమ్ డౌన్‌లోడ్ చేసుకునే ఆన్‌లైన్ షాపు) ధరలు కూడా చూశాక ఇది రాస్తున్నాను.

ఎమ్మార్పీ అనేది సీల్ తీయని కొత్త ప్యాక్‌కి గరిష్ఠ ధర. షాపులో అంతకంటే తగ్గించి అమ్మవచ్చు, పెంచకూడదు. చేతులు మారిన డిస్క్ ధర మాత్రం గిరాకీని బట్టే. కథ ఉన్న గేమ్ ఆడేయగానే చాలామంది అమ్మేస్తారు, సరుకు పెరిగి ధర దిగుతుంది. ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ గేమ్‌కి ఏటా సెప్టెంబరులో కొత్తది వస్తుంది, దాంతో పాతదాన్ని అడిగేవాళ్లుండరు. జపాన్ గేమ్ కంపెనీ నింటెండో సొంత గేములు అలా కాదు. కొత్తవాటి ధరే పెద్దగా తగ్గదు కాబట్టి పాతవీ గట్టిగానే పలుకుతాయి. డిజిటల్ స్టోర్ సేల్‌లో అదే గేమ్ చవగ్గా దొరికితే డిస్క్ ధర కూడా దిగక తప్పదు. అయితే డిజిటల్‌ది తిరిగి అమ్ముకోలేం. డిస్క్‌కి కాస్త ఎక్కువ ఇవ్వడంలో అర్థం ఉన్నది అందుకే.

నా పోస్టు చూపించి శ్రీకాకుళంలో బేరం వదిలేసుకున్న తమ్ముడూ, ఆ అమ్మేవాయన చెప్పిన ధర న్యాయమైనదే. కొనే ముందు డిస్క్ వెనక గీతలు లైటు కింద చూసుకో. బాక్సులోని బోనస్ కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది, మొదట కొన్నవాళ్లు వాడేసి ఉండొచ్చు, దానికి డబ్బు లెక్కకట్టకు.