డ్రైవర్‌ని బయట నిలబెట్టి ఇంజిన్ జబ్బు ఎలా కనిపెడతారు?

రిపేరుకి వెళ్లకముందు ఆగని మా లారీ ఇంజిన్, రిపేరు చేసి ఇచ్చాక మధ్యదారిలో ఆగుతోంది. అలాంటప్పుడు ముందు ఎక్కడ చూడాలి? మెకానిక్ చెయ్యి పెట్టిన చోటే కదా! శ్రీకాకుళంలోని ఈ వర్క్‌షాపు వాళ్లకి మాత్రం అది తట్టలేదు. డీజిల్ ఫిల్టర్, దాని పైపులు మార్చి బండి అప్పజెప్పారు. ఆగిపోతోందని తిరిగి తీసుకెళ్తే ఇవాళ పొద్దున్న చెప్పిన మాట: "హై ప్రెషర్ పంపు పోయింది, కొత్తది వెయ్యాలి." ఇంజిన్‌కి డీజిల్‌ని గట్టి ఒత్తిడితో పంపేది ఆ పంపే. దాని ఖరీదెంతో బండి నడిపేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

మా డ్రైవరన్న మొదటి రోజే చెప్పాడు. "డీజిల్ అందడం నేదు బాబూ, ఎక్కడో గాలి లాగేస్తంది." ఊరికే అనలేదు. తాళం తీసినట్టు టక్కున ఆగితే అనుమానం కరెంటు వైపు వెళ్తుంది: క్రాంక్ సెన్సార్, రిలే, ఎర్త్ వైరు. పికప్ తగ్గి, గింజుకుని గింజుకుని ఆగితే డీజిల్ వైపు వెళ్తుంది. మన బండి రెండో రకం. ట్యాంకు నిండుగా ఉంటే బాగానే లాగుతోంది, సగానికి దిగాక ఎత్తు ఎక్కేటప్పుడు చచ్చిపోతోంది. ఇదంతా ఆయన పూసగుచ్చినట్టు చెబుతుంటే సూపర్‌వైజర్ ఏమన్నాడో తెలుసా? "నువ్వు బయట నిలబడు, ఓనర్‌తో మాట్లాడుతున్నాం."

ఓనర్‌కేం తెలుసు? ఇంజిన్ ఆగినప్పుడు నేను ఇంట్లో ఉన్నాను. సాలూరు దాటాక సుంకి ఘాట్‌లో, కవిటి కొబ్బరికాయల లోడుతో, వెనకాల బస్సులు ఉండగా స్టీరింగ్ పట్టుకున్నది ఆయన. ఇంజిన్ ఆగిందంటే పవర్ స్టీరింగ్ బిగుసుకుపోతుంది. బ్రేకులకి గాలి నింపే ఎయిర్ కంప్రెసర్ కూడా ఆగిపోతుంది కాబట్టి గాలి ట్యాంకుల్లో మిగిలిన గాలితోనే బ్రేకులు పనిచెయ్యాలి. తొక్కిన ప్రతిసారీ ఆ గాలి తగ్గిపోతుంటుంది. రాయపూర్ వైపు వెళ్లే ఆ 26వ నంబరు జాతీయ రహదారి మీద, అంటే మనం ఇప్పటికీ 43 అని పిలిచే రోడ్డు మీద, బండి వెనక్కి జారకుండా ఆపి, చక్రాలకి రాళ్లు పెట్టి, డీజిల్ పైపుల్లో చేరిన ఎయిర్ తీసి మళ్లీ స్టార్ట్ చేసిన మనిషిని బయట నిలబడమంటారా?

వర్క్‌షాపు వాళ్లు చేసిందల్లా ఇంజిన్ కంప్యూటర్‌కి స్కానర్ పెట్టడం. రైల్ ప్రెషర్, అంటే ఇంజిన్‌లోకి చిమ్మే ముందు డీజిల్ నిలిచే గొట్టంలోని ఒత్తిడి, తక్కువుందని చూపించింది, అంతే, పంపు పోయిందని తేల్చేశారు. పంపుకి వచ్చే డీజిల్‌లోనే గాలి ఉంటే ప్రెషర్ ఎలా నిలబడుతుంది? ప్రెషర్ తక్కువని స్కానర్ చెబుతుంది, ఎందుకు తక్కువో మనిషే వెతకాలి. నేను స్కానర్‌కి వ్యతిరేకిని కాదు. అలాంటి గొట్టం ఉన్న కామన్ రైల్ బండికి అది కావాలి. పాత బండిలాగా ఇంజిన్ నడుస్తుండగా నాజిల్ పైపు వదులు చేసి చూస్తామంటే ఒప్పుకోను కూడా. అందులో ప్రెషర్ వెయ్యి బార్ పైకి కూడా వెళ్తుంది, ఆ డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది.

"ఎక్కడా చుక్క కారట్లేదు సార్, లీకు లేదు" అన్నారు. ట్యాంకు నుంచి డీజిల్ తోడే ఫీడ్ పంపు దాకా ఉన్న పైపులో డీజిల్‌ని లాగుతారు, నెట్టరు. అక్కడ సందు ఉంటే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. బయట పొడిగా ఉన్నంత మాత్రాన పైపు మంచిదైపోదు. ఇది తెలియనివాళ్లు మన బండి బోల్టులు విప్పుతున్నారు!

మా డ్రైవరన్న ఏం చేశాడో చెబుతాను. తాపీ మేస్త్రీలు లెవెల్ చూసుకునే, లోపల కనిపించే తెల్ల పైపు ముక్క హార్డ్‌వేర్ షాపులో కొని, ఫీడ్ పంపులోకి డీజిల్ వచ్చే చోట బిగించి ఇంజిన్ రేస్ చేశాడు. బుడగలు బుడగలుగా గాలి వస్తోంది. తర్వాత ట్యాంకు పైపు తీసేసి, శుభ్రమైన క్యాన్‌లో డీజిల్ పోసి అక్కడి నుంచి నేరుగా ఇచ్చాడు. బుడగలు లేవు, ఇంజిన్ ఆగలేదు. అంటే పంపు బాగుంది, తప్పు ట్యాంకు వైపు ఉంది. వెతికితే వాళ్లు విప్పి బిగించిన బాంజో బోల్టు (పైపుని కలిపే బోలు బోల్టు) దగ్గర దొరికింది. పాత రాగి వాషర్లే మళ్లీ వేసేశారు. ఒకసారి నలిగిన వాషర్ రెండోసారి సరిగా కూర్చోదని పని నేర్చుకునే కుర్రాడికి కూడా చెబుతారు. కొత్త వాషర్లు వేసి ఎయిర్ తీసేసరికి బండి దారికొచ్చింది. ఆ వాషర్ల కోసం కొత్త పంపు కొనమన్నారు నన్ను!

అసలు నా కోపం పంపు మీద కూడా కాదు. డ్రైవర్ అంటే అందరికీ లోకువే. పైడిభీమవరం వైపు ఫ్యాక్టరీ గేట్ల దగ్గర చూడండి, లోడు దించేదాకా ఎండలో కూర్చోవాలి, బాత్‌రూమ్ అడిగితే సెక్యూరిటీ కసురుకుంటాడు. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్‌కి ఏసీ ఉండాలని కేంద్రం రూల్ పెట్టింది. సంతోషం. ఆ క్యాబిన్ దిగిన మనిషికి ఒక కుర్చీ వెయ్యమని ఎవరు రూల్ పెడతారు? మా నాన్న కూడా లారీ తోలాడు. షోరూమ్ గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడడం నా కళ్లతో చూశాను. ఇన్నేళ్లయినా అదే గుమ్మం, అదే మాట.

లారీ ఓనర్లందరికీ చెబుతున్నాను. బండి వర్క్‌షాపుకి పంపినప్పుడు జాబ్ కార్డు, అంటే బండి జబ్బు రాసుకునే కాగితం, డ్రైవర్ ఎదురుగానే రాయించండి. ఎప్పుడు ఆగింది, ఎలా ఆగింది, ఎంత డీజిల్ ఉన్నప్పుడు ఆగింది అన్నది ఆయన మాటల్లోనే ఉండాలి. అలా రాయబోమని అంటే తాళం ఇవ్వకండి, బండి వెనక్కి తిప్పేయండి. ఇకమీదట నేను చేసేది అదే.