పదిహేను వందల కిలోల మనిషి కావలెను

హన్మకొండ నుంచి ములుగు పోయేటప్పుడల్లా రోడ్డు పక్కన ఇనుప రెయిలింగ్‌ను చూస్తే నాకు భక్తి పుడుతుంది. ఎండా వానా అనకుండా నిలబడి ఉంటుంది. దాని మీద దుప్పట్లు ఆరేసుకుంటాం, గుంజలకు బర్రెను కట్టేస్తాం, ఎలక్షన్లొస్తే జెండాలు కడతాం. ఒక్క మాట అనదు.

ఈ సేవంతా ఖాళీ టైంలో. అసలు ఉద్యోగం కారును ఆపడం. అందుకు పెద్ద పరీక్షే ఉంది. యూరప్‌లో 1,500 కిలోల కారును గంటకు 110 కిలోమీటర్ల వేగంతో, 20 డిగ్రీల కోణంలో తెచ్చి గుద్దిస్తారు. రేకు వంగాలి, కారు మళ్లీ రోడ్డు దారి పట్టాలి. లోపలున్నాయన బెల్టు విప్పుకుని దిగి ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేసుకోవాలి.

ఇంత చదువుకున్న రెయిలింగ్‌కు బండివాళ్లతోనే తలనొప్పి. యాసంగి వడ్లు సగం రోడ్డు మీద ఆరబోసి ఉంటాయి. తప్పించబోయి బ్రేకేస్తే గింజల మీద టైరు జారుతుంది. బండి ఒక దిక్కు, మనిషి ఒక దిక్కు. ఆ మనిషైనా పద్ధతిగా నిలబడి రేకును గుద్దుకుంటాడా అంటే, లేదు. పడుకుని, రేకు కింది సందులో దూరి, నేరుగా పోయి గుంజకు తల కొట్టుకుంటాడు. గుంజేమో కారు బరువుకు వంగడం నేర్చుకున్నది. డెబ్బై కిలోలవాడి కోసం వంగితే దాని పరువేం కావాలి?

కాబట్టి లోపం ఇనుములో లేదు, మన ఒంట్లో ఉంది. తలా ఇంకో 1,430 కిలోలు పెరిగితే సమస్యే ఉండదు. మా బావమరిది ఆ దారిలో శ్రద్ధగానే ఉన్నాడు గానీ, ఇంకా మూడంకెల దగ్గరే ఆగాడు.

స్పెయిన్ వాళ్లకు అంత ఓపిక లేనట్టుంది. 2005లోనే వేరే పరీక్ష రాసుకున్నారు. ఒక బొమ్మకు హెల్మెట్ పెట్టి, వెల్లకిలా పడుకోబెట్టి, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో తల ముందుగా రెయిలింగ్ మీదికి జారుస్తారు. తలకు, మెడకు ఎంత దెబ్బ తగిలిందో కొలుస్తారు. మందు కూడా చిన్నదే: పై రేకు కింద, నేలకు దగ్గరగా ఇంకో రేకు. గుంజలు దాని వెనక దాక్కుంటాయి, మనిషి దాని వెంబడి జారి ఆగుతాడు. రోడ్డంతా అక్కర్లేదు, మూలమలుపుల దగ్గర వేసినా మేలే.

మనకెందుకు లెండి. 2022లో దేశంలో రోడ్ల మీద పోయినవాళ్లు 1,68,491 మంది. అందులో టూవీలర్ల మీదివాళ్లు నూటికి 44 మందే. సగం కూడా కాలేదు.

అయినా ఉండబట్టలేక ఒక ఆఫీసుకు పోయాను. సారు నా కాగితం చదివి, "హెల్మెట్ పెట్టుకుంటున్నరా?" అన్నాడు. పెట్టుకుంటున్నా సార్, మెడకు సరిపోయేదే దొరకడం లేదన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించాడు. "మీరన్నది మంచిగనే ఉంది గని, కింద గూడ రేకేసి మూస్తే మేకలు ఎట్ల దాటుతయి చెప్పుండ్రి?"

తిరిగొచ్చేటప్పుడు బండి ఆపి చూశాను. మేకలు తలలు కాస్త వంచి, ఒకదాని వెనక ఒకటి రేకు కింది నుంచి దాటిపోతున్నాయి. ఒక్కదానికీ గుంజ తగల్లేదు.