“సరుకు లేదు” అనడం మానేద్దాం

మా వీధి చివరి కిరాణా కొట్టులో నలభై ఏళ్లుగా రెండే మాటలు చెలామణిలో ఉండేవి. ఒకటి “ఉంది”. రెండోది “లేదు, రేపు రండి”. ఈ రెండింటితోనే పెద్దాయన ఇల్లు కట్టాడు, కూతురి పెళ్లి చేశాడు, కొడుకును ఎంబీఏ చదివించాడు. ఆ కొడుకు ఈమధ్యే వచ్చి గల్లాపెట్టె ముందు కూర్చున్నాక గానీ, ఇన్నాళ్లూ మేమెంత మొరటు భాషలో పప్పులు కొనుక్కున్నామో తెలిసిరాలేదు.

మొన్న కందిపప్పు కోసం వెళ్లాను.

“స్టాకౌట్, అంకుల్.”

“అంటే లేదనా బాబూ?”

కుర్రాడు నొచ్చుకున్నాడు. “లేకపోవడం వేరు, స్టాకౌట్ వేరు. మనమిప్పుడు జస్ట్ ఇన్ టైమ్‌లోకి వెళ్లాం. సరుకు నిల్వ పెడితే పెట్టుబడి అరల్లో నిద్రపోతుంది. లీడ్ టైమ్ మూడు రోజులు.”

పాత భాషలోకి మార్చుకుంటే “లేదు, రేపు రండి” అనే. ఆ రేపు మూడు రోజులకు సాగింది, అంతే. అయితేనేం, ఖాళీ సంచీతో తిరిగొస్తుంటే మునుపటి చిన్నతనం లేదు. ఏదో అంతర్జాతీయ విధానంలో నేనూ ఓ చెయ్యి వేశానన్న గౌరవం.

ఈ శాస్త్రాన్ని వెక్కిరించేవాళ్లకు దాని పుట్టుక తెలియదు. టయోటా కంపెనీలో తైయిచి ఓనో అనే ఇంజనీరు ఉండేవాడు. కొన్నవాళ్లు అరలోంచి ఎంత తీసుకుంటే వెనక నుంచి అంతే నింపే అమెరికా సూపర్‌మార్కెట్ల పద్ధతి ఆయనకు తెగ నచ్చింది. దాన్నే కార్ల ఫ్యాక్టరీలో చీటీల పద్ధతిగా మార్చాడు. పేరు కాన్‌బాన్. అంటే కొట్టు అరల్లో పుట్టిన విద్య జపాన్‌లో కార్లు తయారుచేసి, బిజినెస్ స్కూళ్లలో పాఠమై, లక్షల్లో ఫీజు కట్టించుకుని మళ్లీ మా కొట్టు అరలకే వచ్చి చేరిందన్నమాట. ఫీజు పెద్దాయనదే.

ఇందులో ఓ పేచీ లేకపోలేదు. 2011 సునామీ దెబ్బ తిన్నాక అదే టయోటా, కార్లలో వాడే ఎలక్ట్రానిక్ చిప్పులిచ్చేవాళ్లను నెలలకు సరిపడా నిల్వ పెట్టుకోమంది. 2021లో చిప్పులు కరవై తక్కిన కార్ల కంపెనీలు చేతులు ముడుచుకుంటే, ఇది ఆ నిల్వతోనే కొన్నాళ్లు నెట్టుకొచ్చింది. ఈ సంగతి కుర్రాడి చెవిన వేశాను. “దాన్ని సేఫ్టీ స్టాక్ అంటారంకుల్” అన్నాడు. మూల స్టూలు మీద కూర్చున్న పెద్దాయన అప్పుడు నోరు విప్పాడు: “మేం ఇంకో బస్తా అనేవాళ్లం.”

అన్నీ ఇలాంటి మాటలే అనను. బుల్‌విప్ మంచి మాట. పిడి దగ్గర చెయ్యి కాస్త కదిపితే కొరడా కొస చెళ్లుమంటుంది చూడండి, అదీ సంగతి. పసిపిల్లలు డైపర్లు తడిపే వేగం ఎప్పుడూ ఒకటే అయినా, ఫ్యాక్టరీకి చేరే ఆర్డర్లు మాత్రం ఎగిరెగిరి పడటం చూసి ఆ డైపర్లు తయారుచేసే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ వాళ్లే బిత్తరపోయారు. కొట్టువాడు ఎందుకైనా మంచిదని రెండు ఎక్కువ రాస్తాడు, డీలరు నాలుగు కలుపుతాడు, ఆ పైవాడు పది. 2016 నవంబరులో ఉప్పు దొరకదని పుకారు లేచినప్పుడు, మూడు పక్కలా సముద్రమున్న ఈ దేశంలో నేను ఆరు ప్యాకెట్లు మోసుకొచ్చాను. మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉంటుంది. కొరడా పిడి నా చేతిలోనే ఉందని కుర్రాడు చెబితే గానీ తెలియలేదు.

ఇక ఏబీసీ విశ్లేషణ ఒకటుంది. ఖరీదైన కొన్ని సరుకులు ‘ఏ’, చిల్లరమల్లర ‘సీ’. పెద్దాయన ఈ పని సరుకులకు కాక మనుషులకు చేసేవాడు: రొక్కమిచ్చేవాళ్లు, ఒకటో తారీఖున ఇచ్చేవాళ్లు, ఎదురుపడితే సందు మారేవాళ్లు. నా ఖాతా ఏ పేజీలో ఉందో నేనడగలేదు, ఆయనా చెప్పలేదు.

నా బాధల్లా ఈ భాష పొలం గట్టు దాకా వెళ్లలేదనే. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటింది. రెండు నెలలు తిరక్కుండానే ధర పడిపోయి రైతులు పంటను రోడ్డు మీద పారబోశారు. అది డిమాండ్ వేరియబిలిటీ అని దగ్గరికెళ్లి ఒక్కరైనా చెప్పి ఉండాల్సింది. ఎవరూ చెప్పక, పాపం, వాళ్లు దాన్ని నష్టమనుకున్నారు.

కందిపప్పు దగ్గర కదా ఆగాం. ఖాళీ సంచీ చూసి మా ఆవిడ “పప్పేదండీ?” అంది. లీడ్ టైమ్ గురించి వివరంగా చెప్పడం మొదలుపెట్టాను. జస్ట్ ఇన్ టైమ్ దాకా వచ్చేసరికి ఎదురుగా ఆవిడ లేదు. పక్కింటికెళ్లి గ్లాసుడు పప్పు బదులు తెచ్చి కుక్కర్లో పోసేసింది. ఆల్టర్నేట్ సోర్సింగ్, రెండు నిమిషాల్లో.

ఆ గ్లాసు ఇంకా మా వంటింట్లోనే ఉంది. పక్కింటావిడ రెండుసార్లు అడిగింది కూడా. రివర్స్ లాజిస్టిక్స్ చూసుకోవడం నా వంతట.