మహారాజశ్రీ స్టీరియో మిక్స్ గారి సముఖానికి

అయ్యా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ ఇక్కడ నేను కుశలంగా లేను. తమరు విండోస్ కంప్యూటర్లో మోగే శబ్దాన్ని లోపల్నుంచే పట్టి రికార్డింగుకి ఇచ్చేవారు. తమరి కుశలం కనుక్కుందామంటే రికార్డింగ్ పరికరాల లిస్టులోనే కనపడరు.

నిన్న ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మా అమ్మమ్మ వీడియో కాల్లో పాటలు పాడింది. నలుగు పాటలు, అప్పగింతల పాటలు, ఆఖర్న మంగళహారతి. ఆవిడకి 84 ఏళ్లు. అమలాపురం అవతల మా మావయ్యగారి ఊళ్లో వసారా అరుగు మీద కూర్చుని, మా బావమరిది ఫోను పట్టుకుని నిలబడితే, మధ్యలో రెండుసార్లు మంచినీళ్లు తాగి, 52 నిమిషాలు పాడింది. హైదరాబాదులో నేను లాప్‌టాప్ ముందు కూర్చుని రికార్డు చేశాను. చేస్తున్నాననే అనుకున్నాను. ఎర్ర చుక్క వెలిగింది, టైమర్ తిరిగింది, ఫైలు కూడా తయారైంది.

తెరిచి చూద్దును కదా, మొదటి ట్రాకులో, అంటే తమరి ట్రాకులో, ఒక గీత ఉంది. స్కేలు పెట్టి గీసినట్టు, ఈ చివర నుంచి ఆ చివరకి. ఎంత పెద్దది చేసి చూసినా గీతే.

రెండో ట్రాకు నా మైకుది. అదీ ముందు గీతలాగే కనపడింది. బాగా దగ్గరికి లాగితే అక్కడక్కడా చీమ తలకాయంత బొడిపెలు తేలాయి. ఒక్కో బొడిపే ఒక్కో "ఊఁ". అమ్మమ్మ పాడుతుంటే నేను కొట్టిన ఊలు. మొత్తం 41 లెక్క తేలాయి. ఇవి కాక రెండు "ఆహా"లు, ఒక తుమ్ము, "తిన్నానమ్మమ్మా" అని ఒక జవాబు. ప్రశ్న లేదు. పాట లేదు. ఊ కొట్టడం మాత్రం దొరికింది.

అసలు శనివారం రాత్రి తమరి దర్శనం కోసం పడ్డ పాట్లు ఈ సందర్భంగా మనవి చేసుకుంటాను. సౌండ్ సెట్టింగుల్లోకి వెళ్లాలి. అందులో కొత్త పేజీ తమరి ఊసెత్తదు గనక, దాని అడుగున ఉన్న లింకు పట్టుకుని పాతకాలపు చిన్న డబ్బాలోకి దిగాలి. అక్కడ రికార్డింగ్ ట్యాబులో మైకు ఒక్కటే బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉంటుంది. అప్పుడు ఏమీ లేని చోట, ఉత్త తెల్ల జాగాలో, రైట్ క్లిక్ కొట్టాలి. 'డిజేబుల్ చేసినవి చూపించు' అన్న దానికి టిక్కు పెట్టాలి. హిరణ్యకశిపుడు స్తంభమైనా చూపించి అడిగాడు, నాకు స్తంభం కూడా లేదు. టిక్కు పెట్టగానే తమరు బూడిద రంగులో, పక్కన కిందికి దిగే బాణంతో, ప్రత్యక్షమయ్యారు. ఇంకో రైట్ క్లిక్ కొట్టి ఎనేబుల్ చేస్తే లేచి కూర్చున్నారు.

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో తమరు ఇలా ఉండేవారు కాదు. వాల్యూమ్ కంట్రోల్లో రికార్డింగ్ పేజీ తెరిస్తే మైకు, లైన్ ఇన్, తమరు, వరసగా బంతిలో కూర్చున్నట్టు కనపడేవారు. 2007లో విస్టా వచ్చాక అజ్ఞాతవాసం మొదలైంది. పాండవులకి ఒక్క ఏడాదే. ఈ మధ్య వచ్చే చాలా లాప్‌టాపుల్లో సౌండ్ చిప్పుని నడిపే డ్రైవర్ ప్రోగ్రామే తమరిని ఇవ్వడం లేదు, ఎంత టిక్కు పెట్టినా రారు. నా పాత లాప్‌టాపులో ఉన్నారని ఎంత మురిసిపోయానో. పరీక్షకి ఏదో వార్తల క్లిప్పు పెడితే ఆకుపచ్చ గీతలు ఎగిరెగిరి పడ్డాయి. ప్రశాంతంగా పడుకున్నాను.

ఆదివారం నేను చేసిన ఘోరం ఏమిటంటే, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం. లాప్‌టాప్ స్పీకర్లు మోగితే ఆవిడ పాట నా మైకులోంచి మళ్లీ ఆవిడకే వెళ్తుందని, తన గొంతు తనకే వినపడి పాట ఆపేస్తుందని, బుద్ధిగా ఆలోచించి పెట్టుకున్నాను. తమరు సౌండ్ చిప్పుకి కట్టుబడిన మనిషి. ఆ చిప్పులోంచి స్పీకర్లకి పోయే శబ్దమే తమరికి వినపడుతుంది. బ్లూటూత్‌కి పోయేది ఆ దారినే రాదు. తమరు వీధి గుమ్మం దగ్గర పన్నీరు బుడ్డి పట్టుకుని నిలబడ్డారు, పెళ్లికూతురు పెరటి గుమ్మంలోంచి అత్తారింటికి వెళ్లిపోయింది.

సరే, వినపడలేదు. ఎవరి దారి వారిది, ఎవరి హద్దు వారిది, ఒప్పుకుంటాను. కానీ వినపడటం లేదని ఒక్క మాట చెప్పొచ్చు కదా? మా ఇంట్లో వాషింగ్ మెషీను తలుపు సరిగా పడకపోతే అరుస్తుంది. ప్రింటరు కాగితం లేకపోతే నానా యాగీ చేస్తుంది. కారు సీటు మీద కూరగాయల సంచి పెడితే బెల్టు పెట్టుకోమని గోల పెడుతుంది. నువ్వు మాత్రం నోరు మెదపలేదు. సెకనుకి 48,000 సార్లు విని రాసుకునే ఉద్యోగం నీది. 52 నిమిషాలకి లెక్క కట్టాను: దగ్గర దగ్గర 15 కోట్ల సున్నాలు. పేరులోనే స్టీరియో ఉంది కాబట్టి రెండో చెవికి ఇంకో 15 కోట్లు. 30 కోట్ల సున్నాలు వరసగా రాస్తూ పోతుంటే, ఒక్కసారైనా, పదో కోటి దగ్గరైనా, "ఇదేమిటి, ఏదో తేడాగా ఉంది" అనిపించలేదా నీకు? ఊరికే తల వంచుకుని రాసుకుంటూ పోయావు. పోనీ రాయకుండా ఊరుకున్నా బాగుండేది, ఫైలు లేదని అప్పుడే తెలిసేది. దొంగ హాజరు వేసే గుమస్తా కూడా మధ్యలో టీకి లేస్తాడు!

శబ్దం ఎంత పడుతోందో చూపే మీటర్లు చూసుకోవాల్సింది అంటావు. ఉన్నాయి. అమ్మమ్మ ముఖం పెద్దగా కనపడాలని ఆ మీటర్లున్న విండోని కిందికి దించేశాను. అదీ నా తప్పేనా?

మా ఇంట్లో ఒకప్పుడు టూ-ఇన్-వన్ ఉండేది. రేడియోలో పాటొస్తుంటే నాన్న ఎర్ర మీట, దాని పక్క మీట రెండూ ఒకేసారి నొక్కేవాడు. టక్కుమని లోపలికి దిగేవి. రేడియో పాట గాల్లోకి రాకుండానే, లోపల్నుంచి లోపలికే, క్యాసెట్లోకి ఎక్కేది. పక్కన మేం కొట్టుకు చచ్చినా ఆ అరుపులు అందులో పడేవి కావు. అదే ఇంటర్నల్ ఆడియో అని మాకెవరూ చెప్పలేదు, దానికి సెట్టింగులున్నాయని కూడా చెప్పలేదు. క్యాసెట్ పైన చిల్లు ఉంటే కాగితం ముక్క మడిచి కుక్కడం, అంతవరకే మాకు తెలిసిన ట్రబుల్‌షూటింగు. పైగా చక్రాలు తిరుగుతున్నాయో లేదో కిటికీలోంచి కనపడేది.

ట్రబుల్‌షూటింగు అన్నాను కాబట్టి, ఆ పేరు పెట్టుకుని నీ ఇంట్లో ఒక పెద్దమనిషి ఉన్నాడు, ఆయన్నీ అడిగాను. చాలాసేపు వెతికినట్టు నటించి సమస్య ఏమీ కనపడలేదన్నాడు. మా ఆఫీసులో మాక్ వాడే మిత్రుడికి చెప్పుకుంటే, "మా దాంట్లో నీ స్టీరియో మిక్స్ లాంటిదే ఉండదు, బ్లాక్‌హోల్ అని ఒకటి దింపుకుని శబ్దాన్ని అందులోకి పంపాలి" అన్నాడు. శబ్దాన్ని కృష్ణబిలంలోకి పంపి తిరిగి వస్తుందని కూర్చునే ధైర్యం నాకు లేదు. ఇంకో మహానుభావ సెట్టింగు ఉంది: నేను ఫోన్లో మాట్లాడుతున్నానని దానికి తోస్తే చాలు, మిగతా శబ్దాలన్నిటినీ 80 శాతం తగ్గించేస్తుంది. నేనడగలేదు. పుట్టుకతోనే అలా ఉంటుంది. వెళ్లి 'ఏమీ చేయొద్దు' అని చెప్పి వచ్చాను.

ఇక మైకు. మైకుని నేను 100 మీద పెట్టాను. కాల్ ప్రోగ్రాంలో 'మైకు వాల్యూమ్ నేనే చూసుకుంటాను' అనే టిక్కు ఒకటి నాకు చెప్పకుండా పనిచేస్తోంది. దాని దృష్టిలో నా తుమ్ము మరీ పెద్దదైందట. మైకుని 14కి దించేసింది. తర్వాత మళ్లీ పెంచలేదు. అందుకే ఆ చీమ తలకాయలు. సరే, ఊలనైనా కాపాడుకుందామని 30 డెసిబెల్స్ పెంచాను. 20 పెంచితే పది రెట్లు, 30 పెంచితే దాదాపు 32 రెట్లు. నా ఊ 32 రెట్లయింది, మా సీలింగ్ ఫ్యానూ 32 రెట్లయింది. పక్క ఫ్లాట్లో కుక్కర్ మూడు కూతలు వేసింది, అవి గూడ్సు బండి ప్లాట్‌ఫాం మీదికొచ్చినట్టు వినపడ్డాయి. పెళ్లి పందిట్లో మైక్‌సెట్ కుర్రాడికి ఈ డెసిబెల్స్ గొడవ తెలియదు. కానీ పురోహితుడు నోరు తెరిచేలోపే "హలో, హలో, వన్, టూ, త్రీ" అని, బయటికి నడిచి, చెట్టు కింద హారన్ దగ్గర నిలబడి, తన చెవులతో విని వస్తాడు. నేను మైకుకి అది చేశాను. నీకూ చేశాను, కాకపోతే ముందురోజు, ఇయర్‌ఫోన్లు లేకుండా.

అన్నిటికన్నా కడుపుమంట ఎక్కడంటే, నువ్వు అక్కర్లేదట! ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రాంలో హోస్ట్ అన్న చోట, విండోస్ శబ్దానికి పాత దారైన ఎమ్మెమ్మీ (MME) తీసేసి, కొత్త దారైన వాసాపీ (WASAPI) పెడితే, రికార్డింగ్ పరికరాల లిస్టులో స్పీకర్లకొకటి, ఇయర్‌ఫోన్లకొకటి, పక్కన 'లూప్‌బ్యాక్' అని రాసి కనపడతాయి. శబ్దం ఎందులోంచి వస్తోందో దాని లూప్‌బ్యాక్ ఎంచుకుంటే చాలు. వీధి గుమ్మమైనా పెరటి గుమ్మమైనా వింటుంది. ఇది రాత్రి పదకొండింటికి తెలిసింది. తెల్ల జాగాలో రైట్ క్లిక్కులు కొట్టి నిన్ను నిద్రలేపి, బొట్టు పెట్టి పిలిచి, పీట వేసి కూర్చోబెట్టింది దేనికని?

ఇవాళ పొద్దున్న అమ్మమ్మ ఫోన్ చేసింది. "ఏరా అబ్బాయ్, ఎక్కిందా పాట?" అంది. ఎక్కలేదని చెప్పడానికి నోరు రాక, కొంచెమే ఎక్కిందన్నాను. ఆ కొంచెమే వినిపించమంది. గత్యంతరం లేక 32 రెట్ల ఊలు వినిపించాను. ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. వింటూ సన్నగా కూనిరాగం తీసింది. నా ఊ దగ్గర చరణం ముగించి, ఇంకో ఊ దగ్గర పల్లవి ఎత్తుకుని, అలా ఊని పట్టుకుని పాటలో నడుచుకుంటూ పోయింది. కొంతదూరం పోయాక ఆగింది.

"ఇదేంట్రా, అప్పగింతల పాట మొత్తం అయిపోయింది, ఒక్క ఊ కూడా లేదు? ఇక్కడ నువ్వు లేవేంటి?"

చూశాను. 31వ నిమిషం నుంచి 37 దాకా నా ట్రాకులో ఒక్క బొడిపె లేదు. ఆ ఆరు నిమిషాలూ నేను ఆఫీసు మెసేజికి జవాబు టైపు చేస్తున్నాను. ఇయర్‌ఫోన్లు చెవుల్లోనే ఉన్నాయి. తల కూడా ఊపుతూనే ఉన్నాను, నాకు గుర్తే.

సిగ్నల్ పోయిందని చెప్పాను అమ్మమ్మకి. అసలు సంగతి నీకొక్కడికే చెబుతున్నాను. నువ్వు ఎలాగూ వినవు కదా.

ఇట్లు,
41 ఊల ఆసామి